ఊక కప్పిన ఐసుపెట్టె

మొన్న ఎండల్లో ఒక మధ్యాహ్నం చాలాసేపు కరెంటు పోయి వచ్చాక, మా మనవరాలు ఫ్రిజ్‌లోంచి ఐస్‌క్రీము కప్పు తీసి రెండు చెంచాలు తిని, ఇసక నమిలినట్టుందని మొహం చిట్లించి, సగం కప్పు చెత్తబుట్టలో వెయ్యబోయింది. తినే వస్తువు చెత్తబుట్టలోకి పోవడం నేను బతికుండగా జరిగే పని కాదు కనుక, ఆ కప్పు లాక్కుని మిగిలింది నేనే తిన్నాను. నాలిక మీద ఆ సన్నటి మంచు పలుకులు కరుగుతుంటే కోటబొమ్మాళిలో మేము పెట్టిన కొట్టు గుర్తొచ్చింది. తెల్లటి ఐసుపెట్టె పక్కన కంపెనీ టోపీ పెట్టుకుని నిలబడ్డ మా ఇంటాయన గుర్తొచ్చాడు. ఏడుపేమీ రాలేదు. కప్పు కడిగి, ఆవాలు పోసుకోవడానికి పనికొస్తుందని దాచాను.

ఆయన బస్సు కండక్టరు. ముప్పయ్యేళ్లకు పైగా టెక్కలి, పలాస, పాతపట్నం రోడ్ల మీద ఊగుతూ నిలబడి, రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది రిటైరయ్యాడు. మా వయసు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఉద్యోగం చేసే మనిషికి ఉద్యోగమే పేరు. ఆయన్ని ఊరంతా కండక్టరు అనే పిలిచేది. మెళ్లో దండ వేసి ఇంటికి పంపిన మర్నాటి నుంచి పాత కండక్టరు అనడం మొదలెట్టారు. అంటున్నవాళ్లకి అందులో ఏమీ లేదు కానీ, విన్న ప్రతిసారీ ఆయన చొక్కా జేబు తడుముకునేవాడు, ఏదో పారేసుకున్నట్టు. స్టేషను దగ్గర పేకాడే రిటైరైనవాళ్ల జట్టులో చేరమంటే చేరలేదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా, వీధిగుమ్మంలో నిలబడేవాడు.

అలాంటప్పుడు పేపర్లో ఒక పాల కంపెనీ ప్రకటన చూశాడు. వాళ్ల పాలూ పెరుగూ ఐస్‌క్రీమూ వాళ్ల బోర్డు కింద అమ్మడానికి మనుషులు కావాలట. ఫ్రాంచైజీ అన్న మాట వారం రోజులు ఇంట్లో తిరిగింది. రెండో తరగతితో బడి మానేసిన దాన్ని, నాకు ఆ మాట నోరు తిరగలేదు, కంపెనీ కొట్టు అన్నాను. వద్దని కూడా అన్నాను. నేను వద్దన్నాక ఆయన చేసిన పని జీవితం మొత్తం మీద అదొక్కటే. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో పెద్దభాగం డిపాజిట్టు కట్టి, మెయిన్ రోడ్డు మీద ముందు కొట్టూ వెనక ఒక గదీ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని, కాపురం ఆ గదిలోకే మార్చాడు. కంపెనీ వాళ్లు వచ్చి గోడలకి వాళ్ల నీలం రంగు వేసి, బోర్డు కట్టి, చొక్కా, టోపీ ఇచ్చి, పైన అద్దం తలుపు ఉన్న పెద్ద ఐసుపెట్టె దించిపోయారు. దాన్ని రాత్రీ పగలూ ఎప్పుడూ ఆపకూడదని ఆయనకి చెప్పారు, ఆయన నాకు చెప్పాడు. మళ్లీ చెప్పలేదు. నాకు ఏదైనా ఒకసారి చెబితే చాలునని ఆయన నమ్మకం.

ఆ కొట్లో కుర్చీ ఉండేది గానీ ఆయన కూర్చోగా నేను చూడలేదు. అన్నేళ్లు నిలబడ్డ కాళ్లు వంగడం మర్చిపోయాయి కాబోలు. సంతనాడు చేపలు అమ్ముకుని ఖాళీ గంపలతో వెనక్కి పోయే ఆడవాళ్లు గుమ్మం దగ్గర ఆగేవారు.

“ఏటి మావా, టిక్కెట్టు కొడతావా, ఐసు ఇస్తావా?”

“ముందు లోపలికి జరగండే. ఎనకాల సీట్లు కాళీ ఉన్నాయి.”

“సిల్లర లేదంటే దించేస్తావేటి మావా, ఆ రోజుల్లోలాగ?”

వాళ్లు పగలబడి నవ్వేవారు. రెండు నెలల్లో ఊళ్లో ఆయన ఐసుకొట్టు మావ అయిపోయాడు. పాత అన్న మాట పోయింది. నడకలో కూడా తేడా వచ్చింది. అది చూసి నేను సంతోషించానా అంటే, చూశాను, అంతే చెప్పగలను. సంతోషాన్ని బయటికి తీసి వాడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

మా పుట్టిల్లు సముద్రం ఒడ్డున పల్లె. మా అమ్మ చేపల గంపతో ఊళ్లు తిరిగేది, నేను వెనక నడిచేదాన్ని. లారీ మీద ఐసుదిమ్మలు వస్తే, చేపల మధ్య ఐసు పేర్చి, గోనెలు చుట్టి, చుట్టూ ఊక దట్టంగా కూరేవాళ్లం. మర్నాటి సంతకి కూడా చేప కన్ను తెల్లబడేది కాదు. కరెంటన్నది మాకు తెలియదు. “ఐసుకి గాలి తగిలితే సచ్చిపోతాదే, కప్పెట్టు, ఇంకా కప్పెట్టు,” అని మా అమ్మ నెత్తిమీద మొట్టేది. ఐసులో పెట్టీ పెట్టీ వేళ్లు తిమ్మిరెక్కిపోయేవి. చేపముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు. ఇంటికెళ్లి చేతులు వెచ్చబడ్డాక అప్పుడు నొప్పి పుట్టేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని దొంగపని కాదని మీకు తెలియాలి. రాత్రి ఎవరూ కొనని వస్తువు కోసం మీటరు చక్రం తెల్లవార్లూ తిరగడం నాకు కళ్లెదుట కుండ కారుతున్నట్టుండేది. ఐసు సంగతి కంపెనీ వాళ్లకి ఏం తెలుసు, నేను ఐసులో పెరిగినదాన్ని అనుకున్నాను. ఆయన షట్టరు దించి స్నానానికి వెళ్లగానే వెనక తలుపులోంచి కొట్లోకి వెళ్లి, స్విచ్చి ఆపి, ఊక నింపిన గోనెసంచులు పెట్టె చుట్టూ చేర్చి, అద్దం మీద రెండు పరిచేదాన్ని. తెల్లారకుండానే లేచి, గుమ్మం ఊడ్చి ముగ్గు వేసే నెపంతో స్విచ్చి వేసి, సంచులు పాలట్రేల వెనక దాచేదాన్ని. పెట్టెలో చెయ్యి పెడితే చల్లగానే ఉండేది. కరెంటు బిల్లు తగ్గింది. మీటరు మంచిదని ఆయన మురిసిపోయాడు.

కంపెనీ నుంచి నెలకోసారి ఒక కుర్రాఫీసరు మోటారు సైకిలు మీద వచ్చేవాడు. వేసవి మొదట్లో వచ్చినప్పుడు నాలుగు కప్పులు తీసి బొటనవేలితో నొక్కి, రుచి చూసి, ఐసు పలుకులు కట్టిందన్నాడు, జాగ్రత్త అన్నాడు. ఆయన భయపడ్డాడు. నేను భయపడలేదు, గాలి తగులుతోంది కాబోలు అనుకున్నాను. రైసుమిల్లు నుంచి ఇంకో రెండు బస్తాల ఊక తెప్పించి, రాత్రిళ్లు కొట్టం కడుతున్నట్టు పెట్టె చుట్టూ కూరేదాన్ని.

మర్నెల అతను వచ్చి ఒక్క కప్పే తెరిచాడు.

“బాబాయ్, రాత్రిళ్లు కరెంటు ఆపేత్తన్నారేటి? ఇది కరిగి గట్టిపడ్డ సరుకు. సేప కాదు కదా మళ్లీ ఐసు ఎయ్యడానికి.”

ఆ మాటతో నాకు అర్థమైంది. చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను. చెప్పడానికి నోరు తెరిచానో లేదో ఇప్పుడు గుర్తులేదు, ఈలోగా ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఆపడమేటి బాబూ? ఆపొద్దని మా ఇంటిదానికి మొదటిరోజే సెప్పాను. సెప్పిన మాట దాటే మనిషి కాదు. నా మీద ఒట్టు. ఇది మీ పెట్టె తప్పో, ఈ ఊరి కరెంటు తప్పో అయ్యుంటాది.”

ఆయన ఒట్టు పెట్టడం నేను అదే మొదట విన్నాను. నేను నోరు విప్పితే ఆ ఒట్టు అబద్ధమవుతుంది, విప్పకపోతే కొట్టు పోతుంది. నేను చీపురు గోడకి ఆనించి, మళ్లీ తీసుకున్నాను.

పదిహేను రోజులకి వ్యాను వచ్చింది. బోర్డు విప్పారు. నలుగురు మనుషులు పెట్టెను ఎత్తి గుమ్మం దాటించారు. అది లేచిన చోట, నేల మీద, తడికి అంటుకుపోయిన ఊక పెట్టె ఆకారంలో నాలుగు పక్కలా గీత గీసినట్టుంది, మధ్యలో గోనె పీచు. ఆయన దాన్ని చూశాడు. వీధిలో కాగితాల మీద ఏదో రాసుకుంటున్న కంపెనీ మనిషి లోపలికి తిరిగేలోగా, నా చేతిలో చీపురు లాక్కుని, వంగి, మొత్తం ఊడ్చేశాడు. పెళ్లైన నలభై ఏళ్లలో ఆయన చీపురు పట్టడం నేను చూడలేదు. ఊడ్వడం రాక ఊక అటూ ఇటూ ఎగిరింది. చివరికి కాలితో మూలకి తోసి, చీపురు నాకిచ్చాడు.

“తడిసింది. ఎండలో ఎయ్యి.”

అంతే. ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి సోమవారం తెల్లచొక్కా వేసుకుని కరెంటాఫీసుకి వెళ్లి, మా వీధిలో కరెంటు సరిగ్గా రాక మా కొట్టు పోయిందని అర్జీ ఇచ్చి వచ్చేవాడు. పెట్టె పోయాక ఇంకా ఎందుకు మావా తిరగడం అని లైనుమాను నవ్వితే, రాసి పెట్టుకో అనేవాడట. ఊరు ఇంకో కారణం వెతక్కూడదని ఆయన తిరిగాడని నాకు తెలుసు. ఊరు మళ్లీ ఆయన్ని పాత కండక్టరు అంది. ఈసారి జేబు తడుముకోలేదు. మూడేళ్లకి మామూలు జ్వరంలాంటిదే వచ్చి పోయాడు. నీలం రంగు గోడలకి ఇప్పుడు వేరే రంగు వేసి సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఇప్పుడు ఐసు ప్రతి ఇంట్లోనూ పుడుతోంది. ఊకలో దాచేవాళ్లెవరూ లేరు, ఊకంతా ఇటుకబట్టీలకి పోతోంది. మా అమ్మ నేర్పిన విద్య నాతో ఆఖరు. కూతురింట్లో ఉంటూ కూడా నేను పడుకోబోయే ముందు గది గదికీ తిరిగి లైట్లు, ఫాన్లు ఆర్పుతాను, మనవరాలు సణిగినా వినను. ఫ్రిజ్ స్విచ్చి దగ్గరికి మాత్రం పోను. వంటింట్లో అది గురుగురుమంటుంటే కాసేపు నిలబడతాను. ఆయన చీపురు అందించినప్పుడు నేను ఒక్క మాట అనవలసింది, అనలేదు. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకున్న సంగతి ఇంటికొచ్చి చేతులు వెచ్చబడ్డాక తెలిసేది. కొట్టు వదిలి ఇంటికి వచ్చి ఇన్నేళ్లయింది, ఆ నొప్పి ఇంకా తెలియడం లేదు.