యతిరాజులు అరువిచ్చిన మాట

ఇంగ్లీషువాడు వెళ్ళిపోతూ మద్రాసులో వదిలిన వాటిలో కోటనూ హైకోర్టునూ ఎవరు పుచ్చుకున్నారో అందరికీ తెలుసు. 'రైట్' అనే మాటను మాత్రం బస్సు కండక్టర్లు పుచ్చుకున్నారు. వాడి దేశంలో ఆ మాటకి కుడివైపు అనీ, సత్యమనీ, హక్కు అనీ అర్థాలున్నాయని చదువుకున్నవాళ్ళు చెబుతారు. మద్రాసులో దాని మొదటి అర్థం 'బండి కదలవచ్చును'. మిగిలిన అర్థాలన్నీ ఆ బండిలో ఎక్కి వచ్చినవే.

మా చూలైలో ఆ మాటను అందరికంటే ధారాళంగా వాడినవాడు యతిరాజులు నాయుడు. రాయపురం నుంచి చూలై మీదుగా పోయే సిటీ బస్సులో కండక్టరు. ఆయనకు వచ్చిన రెండో ఇంగ్లీషు మాట 'హోల్డాన్', అంటే ఆపమని. డిపోలో విజిల్ ఇచ్చారు గాని, ముందుపళ్ళ సందులోంచి గాలి దారి తప్పడం వల్ల అది మోగేది కాదు. కాబట్టి ప్రభుత్వంవారి బస్సు యావత్తూ ఆయన నోటి మీదనే నడిచేది.

ఆ ఒక్క మాటలోనే ఆయన సర్వమూ పలికించేవాడు. కురచగా అంటే పోనియ్యమని. సాగదీసి అంటే, పోనియ్యి గాని ముందు ఆవు పడుకుని ఉందని. వెంటవెంటనే రెండుసార్లు అంటే సందు ఇరుకే అయినా పడుతుందని. గొంతు దించి అన్నాడంటే చిల్లర విషయమై ప్రయాణికుడితో జరుగుతున్న వాదం ముగిసిందని, గెలుపెవరిదో చరిత్ర తేల్చాలని. ఇంట్లోనూ అంతే. సాంబార్లో ఉప్పు చాలిందా అని భార్య కోకిల అడిగితే 'రైట్'. ఇక మీదట కుళాయి పొద్దుటిపూట మాత్రమే తిప్పుకోవాలని ఇంటాయన శాసిస్తే 'రైట్'. అందులో ఒప్పుదల ఎంతో తిట్టు ఎంతో ఇంటాయన చివరిదాకా తేల్చుకోలేకపోయాడు. పినమామ పోయినప్పుడు పాడె కింద నలుగురూ భుజాలు సర్దుకుని నిలబడగానే, వెనక నుంచి యతిరాజులు అలవాటు కొద్దీ 'రైట్' అన్నాడు. పాడె కదిలింది. ఏడుస్తున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగారు. ఆ సమయానికి అంతకంటే తగిన మాట తనకీ తోచలేదని పురోహితుడు తరవాత ఒప్పుకున్నాడు.

ఇంత విలువైన మాటను ఆయన ఒకరికి అరువిచ్చాడు. అక్కడే వచ్చింది కష్టం.

ట్రాములు ఆగిపోయాక వాటిలోని జనమంతా బస్సుల్లోకి వచ్చిపడ్డారు. బస్సులు మాత్రం ఆ మేరకు సాగలేదు. పొద్దున రాయపురం కడలోరం స్టాపు దగ్గర యతిరాజులు టిక్కెట్లు కోస్తూ ముందు వరసలో ఇరుక్కుపోయేవాడు. వెనక మెట్టు దగ్గర ఎవరు ఎక్కారో, ఎవరు వేలాడుతున్నారో కనిపించేది కాదు. ఆ స్టాపులోనే మునియక్క ఎక్కేది. చూలై మార్కెట్టులో చేపలు అమ్ముతుంది. చేపల బుట్టంటే మిగతా కండక్టర్లు ముక్కు మూసుకుని వద్దనేవారు. యతిరాజులు తడిగోనె కప్పి వెనక మూలన పెట్టుకొమ్మన్నాడు. ఆమె ముందు తానెక్కి, కింద నిలబడ్డ పక్కింటి తంగమ్మ ఎత్తిచ్చిన బుట్టను లోపలికి లాక్కునేది. బుట్ట మూలకు చేరినాక, వేలంపాటలో పదునుదేరిన గొంతుతో "రైట్!" అని కేకేసేది.

మొదటిసారి డ్రైవరు ఏళుమలై ఉలిక్కిపడ్డాడు. తరవాత అలవాటు పడ్డాడు. "నీ రైట్ కంటే ఆయమ్మ రైట్ క్లియరా ఉండాది నాయుడూ," అనేవాడు. కనిపించనిదాన్ని కనిపించేవాళ్ళే చెప్పడం మంచిదేనని యతిరాజులుకూ తోచింది. ఆ ఒక్క స్టాపుకు ఆ మాటను ఆమెకు వదిలేశాడు. ఇది ఏళ్ళ తరబడి జరిగింది.

ఒకనాడు తంగమ్మకు జ్వరం. బుట్ట ఎత్తిచ్చేవాళ్ళు లేక మునియక్క ముందు బుట్టను పైకి ఎక్కించింది. లోపలున్న పుణ్యాత్ముడెవరో దాన్ని మూలకు జరిపాడు. బుట్ట మూలకు చేరగానే ఆమె నోరు తన పని తాను చేసింది. "రైట్!" అంది. కాళ్ళు ఇంకా రోడ్డు మీదనే ఉన్నాయి. ఏళుమలై బండి తీశాడు. కమ్మీ పట్టుకున్న మునియక్క నాలుగడుగులు పరిగెత్తి పడిపోయింది. ముంజేయి విరిగింది.

బస్సులో ఉన్న కోటు పెద్దమనిషి ఒకాయన నేరుగా డిపోకు పోయి చెప్పాడు. సోమవారం ఎంక్వయిరీ అన్నారు. ప్రశ్న ఒక్కటే: రైట్ చెప్పింది ఎవరు?

"నాకు వినబడింది, తీసినాను," అన్నాడు ఏళుమలై, డిపో బయట టీ తాగుతూ. "విన్లేదని చెప్తే నా లైసెన్సు పోతాది. ఎవురి గొంతని అడిగితే నాకు వెనకాల కండ్లు లేవని చెప్తాను."

"గొంతుకి కండ్లెందుకు ఏళుమలై?"

"చెవులు కూడా లేవని చెప్తాలే. మిగిల్నదంతా నువ్వే చూసుకో నాయుడూ."

యూనియన్ ఆయన ఇంకా స్పష్టంగా చెప్పాడు. "నువ్వే తొందరపడి చెప్పినావంటే అది తప్పు. సస్పెన్షన్‌తో పోతాది. నీ మాట ఇంకోళ్ళ చేత చెప్పించినావంటే అది నేరం. ఇంటికి పంపించేస్తారు."

అంటే యతిరాజులు బతికి బట్టకట్టాలంటే, తాను అనని మాటను తానే అన్నానని ఒప్పుకోవాలి. అందుకాయన సిద్ధంగానే ఉన్నాడు. కావలసిందల్లా ఒక్కటే. మునియక్క వచ్చి నిజం చెప్పకూడదు.

ఆ దిగులుతో ఆయన నోటికి తాళం పడింది. ఇంట్లో ఏమడిగినా తల ఊపడమే.

"ఏందయ్యా, సాంబారు బాగుండాదా లేదా? ఊరికే తల ఊపితే నాకేం తెలిసేది?" అంది కోకిల. సంగతి విని, "ఆమే చెప్పిందని చెప్పేస్తే పోలా?" అంది.

"చెప్తే ఆమె బుట్టని ఇంక ఏ బస్సూ ఎక్కించుకోదు. నన్నూ ఎక్కించుకోదు."

కోకిల సాంబారు ఇంకో గరిటె పోసింది. ఆ ఇంట్లో దానికదే ఓదార్పు.

ఆదివారం ఆయన నాలుగు బత్తాయిలు కొనుక్కుని రాయపురం పోయాడు. మునియక్క గడపలో కూర్చుని ఉంది. చేతికి పుత్తూరు కట్టు, వెదురుబద్దలతో సహా, చిన్న గోపురంలాగా ఉంది.

"రా తమ్ముడూ, కూచో," అంది. "బుట్ట బాగానే ఎక్కింది చూడు. నేనే ఎక్కలా." నవ్వబోయి, చెయ్యి నొప్పెట్టి ఆగిపోయింది.

"అక్కా, రేపు ఎంక్వయిరీ ఉండాది. నువ్వు ఆ పక్కకి రావద్దు."

"ఎందుకు రాకూడదు? నేనే వచ్చి ఆ దొరతో చెప్తాను. రైట్ చెప్పింది నేను, నాయుడు మంచోడు, ఇన్నేండ్లుగా నన్నే చెప్పనిస్తాండాడు అని."

"ఆ ఒక్క మాట చెప్పినావంటే నా ఉద్యోగం పోతాదక్కా!"

"నిజం చెప్తే ఉద్యోగం ఎందుకు పోతాది? ఎవురికి చెప్తాండావు? నన్ను కాపాడాలని నువ్వు నింద మోస్తాండావు, నాకు తెలీదా?"

"అయ్యో, నన్ను నేను కాపాడుకోవాలనే చెప్తాండాను!"

"మా అమ్మ కడుపున పుట్టినోడు కూడా ఇట్లా చెయ్యడు తమ్ముడూ," అని మునియక్క బాగున్న చేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఆయన వివరించిన కొద్దీ ఆమె దృష్టిలో ఆయన త్యాగం పెరిగిపోయింది. ఒక మనిషి తన పొట్ట కోసం బతిమాలుతూ మహాత్ముడుగా కనిపించడం కంటే ఘోరమైన అవస్థ లోకంలో లేదు. వీధి చివరిదాకా వచ్చి సాగనంపుతూ ఆమె, "దిగులు పడొద్దు. నేను వస్తాను," అని అభయమిచ్చింది. ఆ అభయంతో ఆయనకు ఉన్న నిద్ర కాస్తా పోయింది.

సోమవారం డిపో వరండాలో బెంచీ మీద ఆమె ఆయనకంటే ముందే కూర్చుని ఉంది. ఉతికిన చీర, తల్లో కనకాంబరాలు, పక్కన జ్వరం తగ్గిన తంగమ్మ. యతిరాజులు దండం పెట్టాడు. ఆమె దాన్ని నమస్కారంగా తీసుకుని తిరిగి దండం పెట్టింది.

లోపల అధికారి నెల్లూరు వైపు మనిషి, మితభాషి. ఏళుమలై అప్పటికే తన సాక్ష్యం చెప్పేసి పైకప్పుకేసి చూస్తున్నాడు. పాపం, చెవులు కూడా పోగొట్టుకున్న వాడిలా ఉన్నాడు.

"రైట్ చెప్పింది ఎవరు?"

యతిరాజులు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే సగం తలుపు అవతల నుంచి ఆ గొంతు వినిపించింది. "లోపలికి పంపించప్పా! అసలు సాక్షి నేను! నన్ను ఈడ కూచోబెట్టి ఆడ ఎవుర్ని అడగతాండారు?"

"ఎవరది అరుస్తున్నది?" అన్నాడు అధికారి. ఏళుమలై పైకప్పు మీది నుంచి కళ్ళు దించి, ఆ గొంతును కొత్తగా వింటున్నట్టు మొహం పెట్టాడు.

"ఆ మాట నాదే సార్," అన్నాడు యతిరాజులు. పూర్వం ఏ స్టాపులోనూ ఆయన ఇంత తొందరగా పలకలేదు.

"నువ్వే చెప్పావా?"

"నా మాటే సార్. ఎక్కినారో లేదో చూడకనే పోయింది. తప్పు నాదే."

అధికారి మూడు వారాలు సస్పెన్షన్ అన్నాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇంటికే అన్నాడు. యతిరాజులు ఊపిరి వదలబోతుండగా, "దెబ్బ తగిలినామెను పిలవండి," అన్నాడు.

మునియక్క కట్టు ముందూ తాను వెనకా వచ్చింది.

"కండక్టరు తన తప్పని ఒప్పుకున్నాడు. నువ్వు చెప్పేదేమైనా ఉందా?"

ఉందనే ఆమె వచ్చింది. నోరు తెరిచి, యతిరాజులుకేసి చూసి ఆగింది. కొనేవాడి మొహం చూసి వాడి జేబు చెప్పగల మనిషి ఆమె. అంతదాకా త్యాగమనుకున్న దాన్ని మళ్ళీ ఒకసారి పరీక్షగా చూసింది. ఆయన రెండు చేతులూ టిక్కెట్ల సంచి లేని చోట సంచిని పట్టుకున్నట్టు కడుపు మీద బిగించుకుని ఉన్నాయి. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"బుట్టని ఎక్కనిస్తారా స్వామీ?" అని అడిగింది.

"అది కండక్టరు ఇష్టం," అన్నాడు అధికారి.

"అట్లయితే నేను చెప్పేదేమీ లేదు."

బయటికి వచ్చినాక వరండా మెట్ల మీద ఆమె ఆయన్ని నిలదీసింది. "నువ్వు నిజంగానే బయపడతాండావని నీ మొగం చూసినాకే తెలిసింది. ముందే చెప్పకూడదా తమ్ముడూ?"

"నిన్నంతా చెప్తానే ఉంటిని కదక్కా!"

"ఏం చెప్పినావో. సరిగ్గా చెప్పలా," అంది మునియక్క.

మూడు వారాలు గడిచి యతిరాజులు మళ్ళీ సంచి తగిలించుకున్నాడు. కాని ఇదివరకటి మనిషి కాడు. ఆ 'ఇంకొక్కసారి' అనేది ఆయనతో పాటు బస్సెక్కి, దిగకుండా తిరుగుతోంది. ప్రతి స్టాపులోనూ జనాన్ని తోసుకుంటూ వెనక్కి పోయి, మెట్టు చూసుకుని, ఆ తరవాతే ఆ మాట అనేవాడు. బస్సు ఆలస్యమయ్యేది. ప్రయాణికులు తిట్టేవారు. ఆయన పట్టించుకోలేదు.

కట్టు విప్పించుకున్నాక మునియక్క మొదటిసారి వచ్చిన పొద్దున, కడలోరం స్టాపులో ముందు తానెక్కింది. తంగమ్మ బుట్ట ఎత్తిచ్చింది. బుట్ట మూలకు చేరింది. మునియక్క పెదవులు బిగించి ఊరుకుంది. బస్సు కదల్లేదు.

యతిరాజులు ఒకరి మోచేయి, ఇంకొకరి గొడుగు దాటుకుని వెనక్కి వచ్చాడు. బుట్టను చూశాడు. ఆమెను చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

"ఏందప్పా, బండి చెడిపోయిందా?" అన్నారెవరో. "నాయుడూ, అయిందా?" అని ముందు నుంచి ఏళుమలై అరిచాడు.

యతిరాజులు వంగి మళ్ళీ ఆమె పాదాలకేసి చూశాడు.

"రెండూ ఎక్కినాయి తమ్ముడూ," అంది మునియక్క. "నాకుండేది రెండే. చెప్పు, చాపలు చెడిపోతాండాయి."

"రైట్," అన్నాడు యతిరాజులు. మెల్లగా, ఎవరినో అనుమతి అడుగుతున్నట్టు అన్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ వెనక్కి తిరగని ఏళుమలై సీటులోంచి మెడ తిప్పి చూశాడు. మాట అన్నవాడి మొహం చూసుకుని, అప్పుడు బండి తీశాడు.