జోఫ్కా ఇస్త్రీ చేసిన నవల

జోఫ్కా యాభై తొమ్మిదో ఏడు దాకా ఒక్క నవల కూడా చదవలేదు. ఆ మొదటిదాన్ని కొన్నది కూడా చదవడానికి కాదు, వానకు నెత్తిన పెట్టుకోవడానికి.

ఆ శనివారం త్సేల్యే ఊరి సంతలో, పులియబెట్టిన క్యాబేజీ అమ్మే బల్ల పక్కన, యెర్నేయ్ అనే గడ్డపాయన పసిపిల్లల తోపుడుబండిలో పుస్తకాలు పేర్చుకుని నిలబడ్డాడు. ప్రచురణ సంస్థ అంటే మొత్తం అతనొక్కడే. రాసేవాళ్ళను వెతికేదీ, అచ్చు వేయించేదీ, బండి తోసేదీ అతనే. ఉన్నట్టుండి ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన దిగింది. జోఫ్కా చేతికందిన పుస్తకం తీసి తలమీద పెట్టుకుంది.

"అమ్మా, అది గొడుగు కాదు, నవల! త్యాషా అనే అమ్మాయి మొదటి నవల!"

"మొదటిదైతే ఏం, కడపటిదైతే ఏం నాయనా, మందంగా ఉంది కదా," అని డబ్బు చేతిలో పెట్టి బస్సుకు పరుగెత్తింది.

ఇల్లు చేరేసరికి పుస్తకం పాలల్లో నానిన రొట్టెలా ఉంది. కొన్నదాన్ని పారేసే చెయ్యి కాదు ఆమెది. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్కేళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క అన్నా పోయాక ఆమెకు ఫోను చేసేది మీటరు రీడింగు అడిగేవాళ్ళే. ఇస్త్రీపెట్టె వేడిచేసి, పాత దిండుగలీబు అడ్డం వేసి, పేజీ తర్వాత పేజీ రుద్దడం మొదలుపెట్టింది. చెయ్యి రుద్దుతుంటే కళ్ళు ఊరుకుంటాయా? మూడో పేజీ దగ్గర చదవసాగింది. కథ ముందుకు నడవాలంటే పేజీ ఆరాలి కాబట్టి నలభయ్యో పేజీ దగ్గర వేగం పెంచింది. యాభై రెండో పేజీ కాస్త మాడింది.

కథ ఏమిటంటే, దారిలో బస్సు చెడి నలుగురు దిగిపోతారు. భార్య వదిలేసిన పళ్ళ డాక్టరు, అకార్డియన్ వాయించే ముసలాయన, ఇంట్లోంచి వచ్చేసిన పిల్ల, ఒక చెవి లేని పోస్టుమ్యాన్. ఎవరికెవరూ ఏమీ కారు. అయినా ఒకే ఇంట్లో చేరి, మనకు మనమే చుట్టాలం అనుకుంటారు. ఆ తర్వాత తగవులు. నూట డెబ్బై ఆరో పేజీలో డాక్టరు పెట్టె సర్దుకుని గుమ్మం దగ్గర ఆగి, "ఇక నేను..." అంటాడు.

పేజీ తిప్పితే ఇలా ఉంది: "వేర్వేరు పెట్టెల తేనెటీగలను ఒక్కసారిగా కలిపితే చంపుకుంటాయి. రెండు గుంపుల మధ్య వార్తాపత్రిక పరచండి. చెరో వైపునుంచీ దాన్ని కొరుక్కుంటూ వచ్చేలోగా ఒకదాని వాసన ఒకదానికి పట్టి, ఒకే కుటుంబమవుతాయి."

అక్కడినుంచి చివరిదాకా ఈగలే. డాక్టరు ఊసే లేదు. నవలలంటే ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుంది జోఫ్కా. చెప్పాల్సింది నేరుగా చెప్పకుండా ఈగల చేత చెప్పించింది, ఎంత తెలివైన పిల్ల! కళ్ళు తుడుచుకుంది.

పక్కవాటా గిజేలాకూ ఆమెకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరి వాటాలకూ కలిపి ఒకటే బాల్కనీ. మధ్యనున్న అడ్డుచెక్క గాలికి పడిపోతే ఎవరు నిలబెట్టాలన్న దగ్గర చెడింది. మర్నాడు జోఫ్కా అక్కడ తాడు కట్టి, వారం రోజుల పేపర్లు క్లిప్పులు పెట్టి వేలాడదీసింది.

"ఏమిటండీ ఈ వేషాలు?" కాగితాల అవతలినుంచి గిజేలా గొంతు.

"మనం కలవడానికండీ."

"కలవడానికి ఎవరైనా అడ్డం కడతారా?"

"ఒక్కసారే కలిస్తే చంపుకుంటాం. పుస్తకంలో రాశారు. మీరు అటునుంచి కొరకండి, నేనిటునుంచి కొరుకుతాను."

"నావి కట్టుడు పళ్ళు," అంది గిజేలా. "అల్లిక సూదితో పొడిస్తే చెల్లుతుందా?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. జోఫ్కా బాగా ఆలోచించి, చెల్లుతుందని తీర్పు చెప్పింది.

సోమవారానికి ఆటల పేజీకి కన్నం పడింది. బుధవారం ఆ కన్నంలోంచి ఆవపిండిలా ముక్కుకెక్కే ఘాటుదుంప పచ్చడి గిన్నె ఇవతలికి వచ్చింది. ఆదివారం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర మాంసం సూపు తాగారు.

"ఉప్పు గుమ్మరించావేమే?" అంది గిజేలా.

"నీ నాలుకే ఉప్పటిది," అంది జోఫ్కా.

ఆ తర్వాతి శనివారం ఇద్దరూ కలిసి యెర్నేయ్‌కు కృతజ్ఞతలు చెప్పడానికి సంతకు వెళ్ళారు. అతను పుస్తకం తిరగేసి తెల్లబోయాడు. "అచ్చాఫీసులో తేనెటీగల పెంపకం పుస్తకం కాగితాలు కలిసిపోయాయమ్మా! క్షమించండి. ఇదిగో, అసలు ప్రతి."

"ఇందులో డాక్టరు ఏం చేస్తాడు?"

"వెళ్ళిపోతాడు. అందరూ విడిపోతారు."

"అయితే ఇదే తప్పు అచ్చు నాయనా," అంది జోఫ్కా జాలిగా. "చూసుకోవద్దూ?"

యెర్నేయ్ ద్వారా సంగతి తెలిసి ఆ మర్నాడే త్యాషా జోఫ్కా ఇంటికి వచ్చింది. ఆ నవల మీద అయిదేళ్ళు పెట్టిన పిల్ల. "పెద్దమ్మా, వాళ్ళు విడిపోకపోతే నా నవలకు అర్థమే లేదు!"

"ముందు తిను. విడిపోవడం తర్వాత చూద్దాం," అంది జోఫ్కా.

తిన్నాక, ఆ ఈగల పేజీల్లో ఏమీ లేదని రుజువు చెయ్యడానికి త్యాషా పైకి చదవసాగింది. చదివేకొద్దీ గొంతు తగ్గిపోయింది. "ఇది రాసిందెవరో గానీ నాకంటే బాగా రాశాడు," అని వెక్కింది.

"ఏడవకే పిల్లా," అంది గిజేలా, "అతను ముప్పై ఏళ్ళు ఈగల చేత కుట్టించుకుని ఉంటాడు. నిన్నింకా ఏం కుట్టింది?"

వాదన ఆ పూట తెగలేదు. అది తేల్చుకోవడానికే త్యాషా ప్రతి ఆదివారమూ వస్తోంది. ఇది మూడో చలికాలం. ఆ నలుగురూ విడిపోవాలంటే జోఫ్కా ఇంకా ఒప్పుకోలేదు.