లంక బండికి ముందు లాకరు

ఒక వస్తువు కొనడానికి మా ఇంట్లో అంత చర్చ జరగడం నేను చూడటం అదే మొదటిసారి. పెళ్ళి సంబంధాలకి కూడా మావాళ్ళు అంతసేపు మాట్లాడుకోలేదు. పోనీ అదేమైనా నలుగురికీ కనిపించే వస్తువా అంటే అదీ కాదు. బండి కింద, ముందు ఇరుసు మధ్యలో ఉండే ఇనప గుండు లోపల కూర్చునే వస్తువు. దాన్ని లాకరు అంటారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు.

మాకు గోదావరి పాయకి అవతల లంకలో అరటితోట ఉంది. వరద తీసి, పాయలో నీళ్ళు మోకాలి లోతుకి దిగాక పడవ మానేసి, గెలల్ని బండి మీదే ఇసకలోంచి దాటిస్తాం. అందుకోసమే మా ఆయన నాలుగు చక్రాలకీ పవరుండే పాత జీపు ట్రక్కొకటి తెచ్చారు. వెనక చక్రాలకి లాకరు దానికి ముందే ఉంది. అయినా కిందటేడు గెలల లోడుతో ఇవతలి రేవు ఎక్కుతుంటే దిగబడిపోయింది. ముందు చక్రం ఒకటి ఒండ్రులో గిర్రున తిరుగుతోంది, రెండోది కదలదు. ట్రాక్టరు దొరికి లాగించేసరికి గెలలు ఎండకి మాడిపోయాయి. రావులపాలెం మార్కెట్లో వాటిని చూసినవాళ్ళు అడగలేక అడగలేక "ఏమైందండీ" అని అడిగారు.

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, పెద్ద కోపిష్టి కాదు. కానీ ఒక మాట అన్నారంటే దాన్ని మళ్ళీ తిప్పడం కష్టం. ఈ ఏడు కోత దగ్గర పడుతుండగా అరుగు మీద కూర్చుని ఆ మాట అనేశారు.

"ఒరేయ్, ఈసారి గాని ఆ రేవులో దిగబడ్డామంటే లంక కౌలుకిచ్చేద్దాం. కౌలుకి అడుగుతున్న ఆ ఆసామి రోజూ ఫోను చేస్తున్నాడు. నేనే ఆయ్, ఆయ్ అంటూ తప్పించుకుంటన్నాను."

"దిగబడింది బండి కదా అన్నయ్యా."

"బండి మీద గెలలెవరివిరా? మనవి కాదూ? గెలలు దిగబడితే మనం దిగబడ్డట్టే."

మా ఆయన ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. పనున్నా లేకపోయినా రోజుకోసారి లంక మీద కాలు పెట్టకపోతే ఆయనకి తోచదు. వాళ్ళ నాన్నగారితో పాటు చిన్నప్పటినుంచీ తిరిగిన నేల అది. నాకూ అక్కడ ఒక మూల దోసపాదులున్నాయి. ఆ ఇసక నేలలో కాసిన దోసకాయ రుచి ఊళ్ళో కాసినదానికి రాదు. కౌలుకివ్వడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు.

రెండోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఫోను పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చున్నారు. అందులో ఏదో వీడియో. ఎక్కడో ఎర్రటి కొండలు. ఒక బండి బల్లిలాగా రాళ్ళ మీదికి పాకుతోంది. ఒక చక్రం గాలిలో ఉన్నా సరే, ఆగకుండా ఎక్కేస్తోంది.

"చూశావా? దానికి ముందు ఇరుసులో కూడా లాకరుంది. మనకి లేనిది అదే."

"ఇంత కష్టపడి ఆ కొండెక్కి ఏం తెస్తారండీ?"

"ఏమీ తేరే. ఎక్కి, దిగుతారు."

"గెలలేమీ లేకుండానా?"

ఆయన నావైపొక చూపు చూసి, మళ్ళీ మొదటినుంచి వేశారు. నాకూ నెమ్మదిగా ఉత్సాహం వచ్చేసింది. సాయంత్రానికి నేనే "ఇంకోటి పెట్టండి, ఆ బురదలోది" అని అడిగే స్థితికి వచ్చాను.

వారం తిరక్కుండానే ఇద్దరం కొత్తపేట మీదుగా రావులపాలెం వైపున్న షెడ్డుకి వెళ్ళాం. అక్కడి మేస్త్రీ ఇలాంటి బళ్ళే బాగుచేస్తాడు. స్టూలు మీద పాత గోనె పరిచి, రెండు రకాల లాకర్లు పక్కపక్కన పెట్టాడు. నూనె రాసి మెరుస్తున్నాయి రెండూ. మా ఆయన కళ్ళు వాటికంటే ఎక్కువ మెరుస్తున్నాయి.

"ముందు ఇది ఎందుకో చెప్పండి, తరవాత ఏది తీసుకోవాలో చూద్దాం" అన్నాను.

"చెల్లెమ్మగారండీ, బండి మలుపు తిరిగినప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం నడవాలండి, లోపలిది తక్కువ. అందుకని ఇరుసు మధ్యలో పళ్ళచక్రాలు పెట్టి ఎవరి నడక వాళ్ళకి ఇచ్చేరు. రోడ్డు మీద బానే ఉంటదండి. ఇసకలోనే చిక్కు. ఒక చక్రం ఊరికే తిరగడం మొదలెట్టిందంటే ఇంజను బలమంతా దానికే పోద్దండి. గట్టినేల మీదున్న చక్రం నిలబడి చూస్తా ఉంటది."

"అంటే పని చేసేవాళ్ళని వదిలేసి, ఊరికే తిరిగేవాళ్ళకి బలం పెడుతుందన్నమాట. మా ఇంట్లోనూ ఉందండి ఈ పద్ధతి."

మా ఆయన టైర్లవైపు తిరిగి చూడటం మొదలుపెట్టారు. మేస్త్రీ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఆయ్, అదేనండి! లాకరేసేమంటే రెండు చక్రాల్నీ కలిపి కట్టేస్తదండి. తిరిగితే రెండూ తిరగాల్సిందే."

ఇక ఆ రెండింట్లో ఏది అన్నది తేలాలి. మొదటిది దానంతటదే పట్టుకునే రకం. బటన్ లేదు, గొట్టం లేదు. రెండోది బటన్ నొక్కితే పట్టుకునే రకం. దానికి చిన్న గాలిపంపు కావాలి. బటన్ నొక్కితే సన్నటి గొట్టంలోంచి గాలి వెళ్ళి పట్టిస్తుంది, మళ్ళీ నొక్కితే వదిలేస్తుంది.

మా ఆయన మనసు మొదటిదాని మీద పడిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు అటూ ఇటూ తిప్పుతున్నారు. "పాడవడానికి ఇందులో ఏమీ లేదు. ఏట్లోకి దిగే బండికి గొట్టాలూ వైర్లూ ఎందుకు? ఇదే ఖాయం చేద్దాం."

"మరి ఎప్పుడు వదలాలో దానికి తెలుస్తుందా?" అన్నాను.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "కొంతవరకు తెలుస్తదండి. ఎక్సలేటరు తొక్కకుండా మలుపు తిప్పితే టకటకమని వదుల్తది. తొక్కేరంటే పట్టేస్తదండి. పట్టినప్పుడు స్టీరింగు బిగుసుకుపోద్ది, ఆ మాట దాచకూడదు."

నాకు వెంటనే మా కాలవగట్టు కళ్ళముందు కనిపించింది. లంకకి వెళ్ళే దారిలో ముప్పాతిక వంతు ఆ గట్టే. ఒకపక్క కాలవ, ఒకపక్క వరిచేను, మధ్యలో బండి పట్టేంత దారి. తూముల దగ్గరల్లా మోచెయ్యి వంచినట్టు మలుపు. వానొస్తే జారుడు. అప్పుడు గట్టు మీద కూడా నాలుగు చక్రాల పవరూ వేసే నడుపుతారు.

"ఏవండీ, వానలో తూము దగ్గర తిప్పుతున్నప్పుడు కాస్త తొక్కకుండా ఎక్కగలరా మీరు?"

"లేను. తొక్కకపోతే వెనక్కి జారదూ?"

"తొక్కితే అది పట్టేస్తుందట. స్టీరింగు తిరగదట. మనం కాలవలోకి దిగాక వదులుతుందేమో అడగండి."

మా ఆయన దాన్ని గోనె మీద పెట్టేసి బయటికి నడిచారు. షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగారు. చేతులతో స్టీరింగు తిప్పుతున్నట్టు గాలిలో తిప్పుకుని చూసుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. లోపలికి వచ్చి, "బటన్‌దే వెయ్యండి" అన్నారు. "దారంతా గట్టు. లాకరు కావలసింది ఇసక పాయ దాటేంతసేపే. ఆ కాసేపు నేను నొక్కుకుంటాను. కాని పంపు మాత్రం సీటు కింద, నీళ్ళందని ఎత్తులో బిగించాలి."

"అలాగేనండి. గొట్టం కూడా ఇరుసు పైనుంచి తీసుకొస్తానండి, రెల్లు పట్టుకుని లాగకుండా."

అది అప్పుడే బండికి బిగించేసినంత సంబరపడ్డాం. బిగించే రోజున నేనూ వెళ్ళాను. ముందు ఇరుసు విప్పితే లోపలి నూనె తారులాగా కారింది. కొత్తది కూర్చోబెట్టి, పళ్ళకి రంగు పూసి, చేత్తో తిప్పి, ఏ పన్ను ఎక్కడ ఆనుతోందో రంగు చెరిగిన చోట చూసి సరిచేశాడు మేస్త్రీ. ఒకటికి పదిసార్లు విప్పి బిగించాడు. నాకు విసుగే పుట్టలేదు. బటన్ నొక్కితే సీటు కింద బుర్రుమని పంపు తిరిగింది, ముందు ఎర్రలైటు వెలిగింది. నేను చప్పట్లు కొట్టేశాను.

ఇంటి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. బావగారు వచ్చి బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, "ఏదిరా?" అన్నారు.

"లోపలుంటది అన్నయ్యా. కనపడదు."

"ఇంత హడావిడి చేసి కనపడనిది కొన్నావా!"

కోత రోజు రానే వచ్చింది. బావగారు ఇవతలి రేవు పైన నిలబడ్డారు. పక్కనే ఆ కౌలు ఆసామి. తెల్లపంచె, చేతిలో గొడుగు, ముఖం నిండా మర్యాద. "ఊరికే చూద్దామని వచ్చేనండి" అన్నాడు. ఎందుకు వచ్చాడో మా అందరికీ తెలుసు. బండి ఆగిందంటే మాట అక్కడే ఖాయం చేసుకుంటాడు.

ఖాళీ బండి పాయని ఆడుతూ పాడుతూ దాటేసింది. అవతల కూలీలు ఎండుటాకు పరిచి గెలలు పేర్చారు. నేను మా ఆయన పక్కన ఎక్కి కూర్చున్నాను. నీళ్ళు చక్రాలని కొడుతున్నాయి. నా దోసకాయల బుట్ట ఒళ్ళో ఎగురుతోంది. రేవు మొదట్లో ఒండ్రు తగలగానే బండి మూలిగింది. ఆయన బటన్ నొక్కారు. ఎర్రలైటు! ముందు చక్రాలు రెండూ ఒక్కసారే నేలని కరుచుకున్నాయి. "ఎక్కేత్తంది! ఎక్కేత్తంది!" అని కూలీలు వెనకనుంచి కేకలు. నేనూ కేకేశాను.

సగం రేవు ఎక్కాక దారి ఎడమకి వంపు తిరుగుతుంది. ఆయన స్టీరింగు తిప్పారు. బండి తిరగలేదు. ముక్కుసూటిగా రెల్లుదుబ్బుల్లోకి పోతోంది. ఆపేశారు. బటన్ నొక్కి వదిలించారు. చక్రాలైతే వంపుకి తిరిగాయి గాని, ఒకటి ఒండ్రులో గిర్రుమంది. మళ్ళీ నొక్కారు. బలంగా కదిలింది, మళ్ళీ రెల్లులోకే. పట్టిస్తే తిరగదు, వదిలిస్తే ఎక్కదు. వెనక చక్రాల కింద ఇసక జారుతోంది. ఆయన నుదుటిమీద చెమట. పైన బావగారు కండువా తీసి భుజం మార్చుకున్నారు. ఆసామి గొడుగు ముడిచాడు.

నేను ఆ వంపుని చూస్తూ కూర్చున్నాను. ఆ దారి ఎడ్లబళ్ళది. లోడు బండి నిటారుగా లాగితే ఎడ్లకి ఊపిరాడదని, రేవుని ఏటవాలుగా, వంపు తిప్పి చెక్కుకున్నారు పాతవాళ్ళు. తరవాత ట్రాక్టర్లొచ్చినా, జీపులొచ్చినా అందరం ఆ వంపులోనే ఎక్కుతున్నాం. ఇంత ఆలోచించి లాకరు కొన్నాం గాని, రేవు గురించి ఒక్కరమూ ఆలోచించలేదు.

"ఏవండీ, మనకి ఎడ్లు లేవు కదా! వంపెందుకు? తిన్నగా పోదాం!"

"తిన్నగా రెల్లుంది, గట్టు అంచుంది."

కిటికీలోంచి తల బయటపెట్టి, నోరంతా తెరిచి అరిచాను. "బావగారండీ! బండి తిన్నగానే ఎక్కుతుందంట! ఆ రెల్లు కొట్టించండి! అంచు దించమనండి!"

బావగారు పంచె ఎగ్గట్టి, పక్కనున్న కూలీ చేతిలోంచి పార లాక్కుని తనే దిగిపోయారు. "కొట్టండ్రా రెల్లు! అంచు లాగెయ్యండి! ఏటి చూస్తన్నారు!" ఎవరికి ఏది దొరికితే అది పట్టుకుని దిగారు. తీరా చూస్తే ఆ కౌలు ఆసామి కూడా గొడుగు పక్కన పడేసి, తెల్లపంచెతో రెల్లుదుబ్బులు పీకుతున్నాడు. నలుగురు పని చేస్తుంటే నిలబడి చూడటం మావైపు ఎవరికీ చేతకాదు. తనకి లంక రాకుండా చేసే దారిని తనే బాగుచేస్తున్నాడాయన!

అంచు దిగింది. మా ఆయన బటన్ నొక్కారు. ఎర్రలైటు వెలిగింది. స్టీరింగు తిన్నగా పట్టుకుని, బెదరకుండా, నెమ్మదిగా తొక్కారు. నాలుగు చక్రాలూ ఒక్కమాట మీద నడిచాయి. గెలలన్నీ వెనక్కి ఒరిగాయి, నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు, ఆ తరవాత దబ్బుమని ముందు చక్రాలు గట్టుమీద వాలాయి. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. మా ఆయన మాత్రం స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తూ కూర్చున్నారు.

బావగారు చేతుల మట్టి దులుపుకుంటూ ఆసామి దగ్గరికి వెళ్ళారు.

"తమరు ఇంతదూరం వచ్చేరు, పంచె కూడా పాడయ్యింది. ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్దురుగాని. లంక మాత్రం ఈ ఏడు మేమే చేసుకుంటామండి."

"ఈ ఏడేనాండి?"

"ఆయ్, వచ్చే ఏడూనండి."

ఆసామి తల ఊపి, గొడుగు తీసుకుని రెండడుగులు వేశాడు. అంతలోనే ఆగి, వెనక్కి తిరిగి రేవు చూశాడు. "అయితే ఆ కుడిపక్క మట్టి ఇంకాస్త తియ్యాలండీ, రెండో ట్రిప్పుకి జారుద్ది" అంటూ మళ్ళీ పార అందుకున్నాడు.