సొట్ట ఉన్నన్నాళ్ళూ

ఆ రోజుల్లో ఒంటరితనం అనేది పెద్దవాళ్ళకూ పుస్తకాలు రాసేవాళ్ళకూ వచ్చే జబ్బు అనుకునేవాణ్ణి. నాకు అలాంటిదేమీ లేదు, ఆదివారాలు మాత్రం ఉండేవి. బాపట్లలో గుమస్తా ఉద్యోగం, మేడ మీద ఒక గది. కింద ఉండే ఇంటావిడ నన్ను పలకరించే మాట ఒక్కటే, "మోటారు కట్టేశారా అండి?" అని. (నేను ఆ మోటారు జోలికి ఎన్నడూ పోలేదు. అయినా ఉన్న ఒక్క పలకరింపూ పోతుందేమోనని "కట్టేశానండి" అనేవాణ్ణి.) శనివారం ఆఫీసులో "వస్తానండి" అన్నానంటే మళ్ళీ సోమవారం దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు, పెంచిన మేనమామ ఆ ఏడే పోయాడు. కాలేజీలో నాతో చదివిన స్నేహితుడొకడు తెనాలిలో లెక్కల మాస్టారుగా ఉండేవాడు. ఎవరింట్లో ఏది పాడైనా పిలవకముందే వెళ్ళి వాలతాడని వాణ్ణి అందరం అంబులెన్సు అనేవాళ్ళం. నా దగ్గర పాడైనదేమీ లేదు గనక వాణ్ణి రమ్మనడానికి మొహమాటపడేవాణ్ణి.

మావయ్య నాకు మిగిల్చింది ఒక పాత ల్యాండ్‌మాస్టర్ కారు. అంబాసిడర్‌కి పెద్దక్క వరస. ఆదివారం గది గోడలు చూడలేక దాన్ని రేపల్లె దాకా తోలుకెళ్ళి, అక్కడ ఒక టీ తాగి తిరిగొచ్చేవాణ్ణి. (రేపల్లే ఎందుకంటే, రైలు కూడా అక్కడితో ఆగిపోతుంది. అంతకంటే ముందుకు వెళ్ళడానికి నాకు మాత్రం ఏం పని?) అలా వెళ్ళిన ఒక ఆదివారం, చర్చి వదిలే వేళకు ఆ దారిన వస్తున్నాను. తెల్లచీరలు, ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో బైబిళ్ళు. ఒకరి చేతులొకరు పట్టుకుని "వందనాలండి", "వందనాలమ్మా" అని పలకరించుకుంటున్నారు. ఒక్కచోట అన్ని పలకరింపులు చూసి చాలా కాలమైంది నాకు. నోరు తెరుచుకుని అటే చూస్తూ, గేటు పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కును వెళ్ళి గుద్దాను. ట్రక్కు చెక్కు చెదరలేదు. నా కారుకు మాత్రం ఎడమ బుగ్గ లోపలికి పోయి, ఆ పక్క దీపం నేలచూపులు చూడటం మొదలుపెట్టింది.

"ఆగున్న బండిని గుద్దావేంటి బాబూ," అన్నాడు ట్రాక్టరాయన, కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువై. ఇంతలో తెల్లపంచె కట్టుకున్న పెద్దాయనొకరు వచ్చి నా భుజం తడిమి, "వందనాలు బాబూ. దెబ్బేం తగల్లేదు గదా?" అన్నారు. కంగారులో నేనూ "వందనాలండి" అన్నాను. ఆయన మొహం విప్పారింది.

"ఏ సంఘం బాబూ మీది?"

"ఉద్యోగుల సంఘమండి. బాపట్ల శాఖ."

ఆయన అడిగింది నేను ఏ చర్చికి వెళ్తానని. ఆ సంగతి నాకు తెలియడానికి కొంతసేపు పట్టింది, చుట్టూ ఉన్నవాళ్ళకు వెంటనే తెలిసిపోయింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ట్రాక్టరాయన కూడా నవ్వాడు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను, నిజంగానే హాయిగా ఉంది. ఒక పెద్దావిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "పొద్దున ఏం తిన్నావయ్యా?" అని అడిగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దెబ్బ ఎక్కడో గట్టిగానే తగిలిందనుకుని ఆవిడ ఇంకో గ్లాసు నీళ్ళు తెప్పించింది.

ఆ సొట్టతోనే బాపట్ల వచ్చాను. మర్నాడు టిఫిన్ కొట్టాయన పెనం వదిలేసి బయటికొచ్చి "ఏంటండీ బండికి?" అన్నాడు. ఏనాడూ కాగితాల మీంచి తలెత్తి నన్ను చూడని మా సూపరింటెండెంటు గారు వాకిట్లోకొచ్చి, సొట్టలో వేలు పెట్టి చూసి, తన చిన్నప్పుడు జట్కాబండి తిరగబడిన సంగతి చెప్పారు. ఇంటావిడ అయితే మెట్ల మీద కూర్చుని, వాళ్ళాయన స్కూటరుతో సహా కాలవలో పడిన కథంతా చెప్పింది. నేనూ తక్కువ తినలేదు. మొదట ఆగి ఉన్న ట్రాక్టరు, చెప్పగా చెప్పగా కదిలింది, ఆఖరికి వెనక్కి వచ్చి మరీ నన్ను గుద్దింది. రోజూ కారు పెట్టేటప్పుడు సొట్ట వీధివైపు ఉండేలా చూసుకునేవాణ్ణి. బాగుచేయించరా అని ఎవరైనా అంటే "చేయించాలండి" అని వాయిదా వేసేవాణ్ణి.

ఈ సంగతి ఎలా తెలిసిందో అంబులెన్సుకి తెలిసింది. తెనాలి నుంచి రైల్లో దిగాడు. సొట్టను డాక్టరులా తట్టి చూసి, "తాళాలివ్వు," అన్నాడు.

"ఇప్పుడేం తొందర్రా," అన్నాను.

"నేనుండగా సొట్టతో తిరుగుతావేంటి నువ్వు?"

వద్దనడానికి కారణం దొరక్క తాళాలిచ్చాను. మరుసటి ఆదివారం వాడు కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. తనకు తెలిసిన షెడ్డులో దగ్గరుండి సొట్ట తీయించి, రంగు వేయించాడట. కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఇంటావిడ తొంగి చూసి, "బాగైపోయిందే అండీ," అంది. ఆ వెంటనే, "మోటారు కట్టేశారా?" అంది.

"ఏంట్రా అలా ఉన్నావు, రంగు కలవలేదా?" అన్నాడు వాడు.

"రంగు బాగుందిరా. సొట్ట ఉన్నన్నాళ్ళూ నలుగురూ నాతో మాట్లాడేవాళ్ళు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దుమ్మే లేని బానెట్టును గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. "నాకూ అంతేరా," అన్నాడు. "ఏదో ఒకటి పాడైతేనే గదా నన్ను ఎవరైనా రమ్మనేది. బాగయ్యాక టీ ఇచ్చి పంపించేస్తారు." వాడికి ఆదివారం ఖాళీ ఉండదని అన్నేళ్ళూ నేనే అనుకున్నాను. ఆ రోజు వాడికి టీ ఇవ్వలేదు. ఇద్దరం కారెక్కి రేపల్లె వెళ్ళి, అక్కడ తాగాం.

ఆ కారు ఎప్పుడో పోయింది. నాకు అరవై దాటాయి. మా ఆవిడ పోయాక ఇల్లు మళ్ళీ ఆ మేడగదిలాగే అయింది. ఇవాళ పొద్దున తెనాలి నుంచి వాడు ఫోన్ చేశాడు. "మీ ఇంట్లో ఏదన్నా పాడైందేంట్రా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు. ఇల్లంతా ఒకసారి కలయజూశాను. "ఫ్యాను చప్పుడు చేస్తోందిరా," అన్నాను.

"దాన్ని ముట్టుకోకు. మధ్యాహ్నం బండికి వస్తున్నా."

ఫ్యాను నిక్షేపంగా తిరుగుతోంది. వాడొచ్చేలోగా దానిచేత ఎలాగైనా చప్పుడు చేయించాలి. అందుకని ఈ వయసులో స్టూలెక్కి (స్విచ్చి కట్టేశాన్లెండి) దాని రెక్క వంచుతున్నాను.