పసుపు గుడ్డ మీద కొడవళ్లు

ఏ బొమ్మ చూపించినా హేమలత అచ్చు అట్లాగే దించేసేది. మెట్‌పల్లి పక్కన వాళ్ల ఊళ్లో బడి గోడ మీది భరతమాత, గణపతి మండపం వెనక పరదా మీది కైలాసం, కొత్త పెళ్లికూతుళ్ల ఫోటోలు చూసి వేసిన పెన్సిల్ బొమ్మలు, అన్నీ ఆమె చేతివే. ఆ చేతి మీద నమ్మకంతోనే సిరిసిల్లలో ఆర్ట్ డిప్లొమాలో చేరింది. రెండేళ్లు ఆ చేయి ఆమెకు ఏ లోటూ రానివ్వలేదు.

చివరి ఏడాది పరీక్ష మాత్రం వేరేగా ఉంది. ఒక విషయం ఎంచుకుని పని చేయాలి. మొదటి ఆలోచన నుంచి చివరిదాకా అది ఎట్లా ఎదిగిందో ఒక పుస్తకంలో చూపించాలి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగినదానికి జవాబు చెప్పాలి. హేమలత ‘పల్లె స్త్రీ’ అని పేరు పెట్టి, ఫోన్‌లో దొరికిన ఫోటోలు చూసి పదహారు బొమ్మలు వేసి పట్టుకుపోయింది. నెత్తిన కుండలు, నడుముకు బిందెలు, పెద్ద పెద్ద ముక్కుపుడకలు.

డ్రాయింగ్ చెప్పే జలపతి సార్ పుస్తకమంతా తిరగేశాడు.

“చెయ్యి మంచిగున్నది. గీమె ఎవరు?”

“పల్లె స్త్రీ సార్.”

“ఏ పల్లె? మీ ఊర్ల ఎవరన్న గిట్ల కుండలు మోస్తరా?”

“లేదు సార్. నల్లాలున్నయ్.”

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. “మూడు వారాలు ప్రాజెక్టు సెలవులున్నయ్ గద. ఇంటికి పో. బొమ్మను చూసి బొమ్మ ఎయ్యకు” అని పుస్తకం చేతికిచ్చాడు.

హేమలతకు కోపం వచ్చింది. బస్సులో కూర్చుని వేములవాడ దాటేదాకా మనసులో సార్‌తో వాదించింది. ‘చెయ్యి మంచిగుంటే చాలదా, ఇంకేం గావాలె?’ కోరుట్లలో బస్సు మారే వేళకు వాదన అయిపోయింది. సార్ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు.

ఊళ్లో పసుపు పని జోరు మీదుంది. ఆమె తల్లి శంకరవ్వ మరో ఏడుగురు ఆడవాళ్లతో కలిసి, తవ్విన పసుపుకు కొడవలితో వేర్లు కోసి, కొమ్ములు ఒక దిక్కు, గడ్డలు ఒక దిక్కు వేరు చేసే పనికి పోతోంది. హేమలత పుస్తకం పట్టుకుని వాళ్ల ఎదురుగా కూర్చుంది. వాళ్లు ఒక్క క్షణం కదలకుండా ఉంటే కదా! గీసినవన్నీ మళ్లీ ఆ ఫోన్ బొమ్మల్లాగే బిగుసుకుపోయి వచ్చాయి. మూడు రోజుల్లో పదకొండు కాగితాలు చింపేసింది.

నాలుగోనాడు పొద్దున పెరట్లోకి పోయింది. ఎండ తగలకుండా తల్లి నెత్తికి చుట్టుకునే తెల్ల తువ్వాల గోడ మీద ఆరేసి ఉంది. పసుపు పట్టి పట్టి పచ్చబడ్డ తువ్వాల అది. గాలికి ఎగిరిపోకుండా శంకరవ్వ దాని మీద పాత కొడవలి పెట్టి నాలుగు రోజులు మరిచేపోయింది. హేమలత కొడవలి తీసింది. గుడ్డంతా వెలిసి తెల్లబడింది, నడుమ మాత్రం పచ్చటి కొడవలి ఒకటి అట్లాగే ఉంది. పిడి దగ్గర అంచు మసకగా, పదునైన అలుగు దగ్గర కత్తిరించినట్టు సూటిగా.

“అమ్మా! గిదేందే!”

శంకరవ్వ వచ్చి చూసింది. “ఏమున్నది బిడ్డ. పసుపు మరక ఎండకు పోతది. కొడవలి కింద ఎండ తగలలే, గంతే. గిది గూడ తెల్వదా?”

తెలుసు. చిన్నప్పటి నుంచి తెలుసు. బట్టలుతికే సంగతిగా తెలుసు కానీ, బొమ్మగా ఎన్నడూ తట్టలేదు.

ఆ వారమంతా మిద్దె మీదే గడిపింది. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న పాలిస్టర్ ముక్కకు పసుపు పట్టనే లేదు, నూలు గుడ్డకు మాత్రం చక్కగా పట్టింది. ఆకులు పెడితే గాలికి జరిగిపోయాయి. గాజుపలక కింద పెడితే అంచులు సూటిగా వచ్చాయి కానీ పుస్తకాల షాపులో అమ్మే స్టిక్కరులా కనిపించాయి. సున్నపు నీళ్లు చల్లి చూసింది. పసుపు ఎర్రగా మారి, కొడవలి కాస్తా రక్తంలో ముంచినట్టయింది. అది ఆమెకు నచ్చలేదు. ఏది ఎందుకు పనికిరాలేదో ముక్కముక్కా పుస్తకంలో అతికించి కింద రాసుకుంది. ఇట్లా రాయడం ఆమెకు కొత్త. ఇదివరకు చెడిపోయిన కాగితాన్ని చింపేయడమే తెలుసు.

తర్వాత ఐదు గజాల నూలు గుడ్డను పసుపులో ముంచి, నీడన ఆరబెట్టి, పని దగ్గరికి పట్టుకుపోయింది. “మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు మీ కొడవళ్లు దీని మీద పెట్టుండ్రి. మీరు లేవంగనే మీయి మీరు తీసుకోండ్రి” అని అడిగింది. గంటసేపు ఎండ. తర్వాత గుడ్డ మడిచి పెట్టెలో చీకట్లో దాచేది.

రెండో రోజే గొడవ. ఎవరి కొడవలి ఎక్కడుండాలో హేమలత సుద్దతో గీతలు గీసి పెట్టింది. ఆడవాళ్లు గీతల్ని చూడనైనా చూడకుండా, ఎక్కడ చేయి అందితే అక్కడ పడేసి సద్దులు విప్పుకున్నారు.

“గట్ల గాదు, గీతల పెట్టాలె!” అంది హేమలత.

అందరికంటే పెద్దది నాగవ్వ. ముద్ద కలుపుతూనే అన్నది. “పెట్టుమన్నవ్, పెట్టినం. పొద్దంత ఒంగి ఒంగి నడుం పోయింది. గీతలు సూసుకుంట కూసుంటమా? గంత ముద్దుగ గావాలంటె నీ కాయితం మీద గీసుకో.”

గంట కాగానే హేమలత గుడ్డ మడిచి ఇంటికి తీసుకుపోయింది. ఆ సాయంత్రం గుడ్డ విప్పి చూసింది. రోజూ ఎవరి చోట వాళ్లే వరసగా కూర్చోవడంతో రెండు రోజుల కొడవళ్లు కొంచెం పక్కపక్కగా పడి, ఒక్కో కొడవలి అంచు కదులుతున్నట్టు ఉంది. తాను పదకొండు కాగితాల మీద పట్టుకోలేకపోయిన కదలిక అదే. తడిగుడ్డతో అద్ది సుద్ద గీతలన్నీ పోగొట్టింది.

తర్వాతి రోజుల్లో ఇక ఆమె చేసింది చూడడం, రాసుకోవడం. జ్వరమొచ్చి వాళ్లలో రాధ అనే పిల్ల రెండు రోజులు రాలేదు. ఆమె కొడవలి ఉండే చోటు ఎండకు పలచబడింది. హేమలత దాన్ని సరిచేయలేదు, పుస్తకంలో తేదీలు వేసుకుంది.

పరీక్ష నాడు గుడ్డను గోడకు పొడుగునా కట్టి, కిటికీకి నల్ల పరదా వేసింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి, గుడ్డ దగ్గరికి వచ్చి ఒక కొడవలి వైపు చూపించింది.

“ఏడు కొడవళ్లు ఒక దిక్కుకు ఉన్నాయి. ఇదొక్కటే ఎదురు తిరిగింది. కాంపోజిషన్ కోసమా?”

“నేను పెట్టలేదు మేడం. అది నాగవ్వది. ఆమెది ఎడమచెయ్యి.”

“మరి ఇందులో నువ్వు చేసిందేమిటి?”

హేమలత తడుముకోలేదు. “పసుపు నేనే పట్టించిన. ఎన్ని గంటలు ఎండ గావాలెనో లెక్క జూసిన. మొదలు అన్ని సర్దుదామని జూసిన మేడం. గట్ల జేస్తె నా గీతలే మిగుల్తయని తెల్సింది. అప్పటి నుంచి సర్దుడు బంద్ జేసిన. గదే అన్నిటికన్న కష్టమైంది.”

“ఇది ఇంకా వెలిసిపోతుంది కదా?”

“పోతది మేడం. అందుకే పరదా కట్టిన. పోయినా మంచిదే, పసుపు ఏటేటా అస్తనే ఉంటది.”

మేడం పెన్ను తీసి చాలాసేపు రాసింది. క్లాసులో హేమలతకు రెండో స్థానం వచ్చింది. మొదటిది చెక్కతో బొమ్మలు చేసిన నితిన్‌కు. గుడ్డ అంచులు సరిగా కుట్టలేదని కొన్ని మార్కులు పోయాయి. నిజమే, తొందరలో ఆమె వాటిని పట్టించుకోలేదు.

మరునాడు ప్రదర్శన చూడడానికి శంకరవ్వ, నాగవ్వ పొద్దుటి బస్సుకే బయలుదేరి సిరిసిల్ల వచ్చారు. నాగవ్వ ఎవరినీ అడగకుండానే తన కొడవలి దగ్గరికి పోయి నిలబడింది. ఎడమచేయి ఎత్తి, గుడ్డకు తగలకుండా, పిడి దగ్గర పట్టుకున్నట్టు వేళ్లు ముడిచింది.

“గిది నాదే” అంది, పక్కన నిలబడ్డ జలపతి సార్‌తో. “మల్లచ్చే ఏడు చాటలు గూడ పెడ్తం. ఇంకింత పెద్ద గుడ్డ తెమ్మనుండ్రి పిల్లను.”

హేమలత అప్పటికే పుస్తకం చివరి పేజీ తీసి, ఎనిమిది చాటలకు ఎన్ని గజాలు కావాలో లెక్క వేస్తోంది.