నా తరఫున మొక్కినవాళ్ళు

కాలు ఎట్లా విరిగిందని అడిగినవాళ్ళకి బండి మీంచి పడ్డానని చెప్తాను. అక్కడితో ఊరుకోరు. లారీ గుద్దిందా, కుక్క అడ్డమొచ్చిందా, గుంతలో పడ్డావా అని వరసగా అడుగుతారు. లారీ లేదు, కుక్క లేదు, గుంత లేదు. ఎదురుగా మనిషన్నవాడు లేడు. నున్నటి రోడ్డు, ఒక్క మలుపు కూడా లేకుండా తిన్నగా ఉంది. అలాంటి చోట పడడానికి ప్రత్యేకమైన తెలివితేటలు కావాలి. నాకు ఉన్నాయి.

నేను ముప్పై ఏళ్ళు తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపి రిటైరైన మనిషిని. ఎక్కేటప్పుడు రెండో గేరు, దిగేటప్పుడూ రెండో గేరే. మలుపు తర్వాత మలుపు. ముందు సీట్లో ఎవరో ఒకరు గోవింద పెడుతుంటారు, వెనక సీట్లో ఎవరో ఒకరు వాంతి చేసుకుంటుంటారు. ఇన్నేళ్ళలో నా బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. ఈ మాట ఇప్పుడు ఎక్కడన్నా అంటే జనం నా ఊతకర్ర వైపు చూస్తారు.

నాకు యాభై దగ్గర పడుతున్నప్పుడు, తెలిసిన మెకానిక్ ఒకడు ఒక ఆదివారం నన్ను పలమనేరు దాటించి, కర్ణాటక వైపు వాడకంలో లేని ఒక రన్‌వే దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ డ్రాగ్ రేసు జరుగుతోంది. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి. పచ్చలైటు వెలగ్గానే లేస్తాయి. నాలుగొందల మీటర్లు. ముందు గీత దాటినవాడు గెలిచినట్టు. పదిహేను సెకన్లలో అంతా అయిపోతుంది. మలుపు లేదు, హారను లేదు, వాంతులు లేవు. లోకంలో ఇంత సుఖమైన పని ఒకటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

రెండు నెలలు తిరిగేసరికి నేనూ రేసరునయ్యాను. ఒక పాత టూ స్ట్రోక్ బండి కొన్నాను. మెకానిక్ దాని కార్బురేటరు మార్చి, సైలెన్సరు మార్చి, వీధివాళ్ళు నాతో మాట్లాడడం మానేసేంతగా తయారు చేశాడు. పోటీలో నా పక్కన నిలబడేవాళ్ళంతా నా కొడుకు వయసువాళ్ళు. అంకుల్ అంటారు. అంకుల్ గెలిస్తే ఫోటో దిగుతారు, ఓడిపోతే కుర్చీ వేస్తారు. కుర్చీల్లోనే ఎక్కువ కూర్చున్నానని ఒప్పుకుంటాను.

మా ఆవిడ మా అక్క కూతురే. అంటే మా అక్కే నాకు అత్త. ఒకే మనిషి నోటితో తమ్ముడిగానూ అల్లుడిగానూ తిట్లు తిన్నవాణ్ణి. మా ఆవిడ మాత్రం తిట్టదు. పదమూడేళ్ళలో నా రేసు ఒక్కటీ చూడలేదు గానీ, నేను బయలుదేరిన ప్రతిసారీ గేటు దాకా వచ్చి, కమ్మీ పట్టుకుని, ఒకటే మాట అనేది.

"పోవద్దు మామా."

నేను "సాయంత్రానికి వచ్చేస్తాలే" అని పోయేవాణ్ణి. ఆ మాట వినకుండా ఒక్క ఆదివారం కూడా బండి తీయలేదు. రానురాను అది నాకు మంచి ఎదురు వచ్చినట్టే అయిపోయింది. ఆమె అంటుంది, నేను పోతాను, తిరిగొస్తాను.

రెండేళ్ళ కింద, దసరా అయిపోయిన వారం కూడా అట్లాగే అంది, అట్లాగే పోయాను. గీత దాటాను. ముందు దాటింది నేనే, ఇది మాత్రం ఎక్కడైనా చెప్పుకుంటాను. దాటాక వేగం తగ్గించుకునే చోట హ్యాండిల్ వణకడం మొదలుపెట్టింది. బలంకొద్దీ బిగించి పట్టుకున్నాను. పట్టుకోకూడదట. చేతులు వదులుగా ఉంచితే బండి తనంతట తాను సర్దుకుంటుందట. ముప్పై ఏళ్ళు బస్సు స్టీరింగుని బిగించి పట్టుకున్న చేతులకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఎడమ తొడ ఎముక, మోకాలిచిప్ప, తుంటి, కుడి మణికట్టు పోయాయి. మిగతావన్నీ బాగున్నాయని డాక్టరు మావాళ్ళతో అన్నాడట. మిగతావి ఏవో నాకిప్పటికీ తెలియదు.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో మూడు రోజులు నాకు తెలివి లేదు. ఆ మూడు రోజుల్లో, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, మావాళ్ళు నా తరఫున మొక్కులు మొక్కేశారు. నేను కళ్ళు తెరిచాక ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. మొదట మా అక్క. నగరి నుంచి మొదటి బస్సుకే వచ్చి ఆసుపత్రి వరండాలో ఉండిపోయిన మనిషి.

"రే అబ్బోడా, నీ తలనీలాలు ఇస్తానని మొక్కినా."

నా జుట్టు నాకు నలభై నిండకముందే సెలవు తీసుకుంది. చెవుల మీద రెండు పక్కలా ఏదో మొహమాటానికి మిగిలింది.

"యాడుండాయక్కా నీలాలు?"

"ఉండేటివే ఇస్తువులే. స్వామేమన్నా ఎంచుకుంటాడా?"

తర్వాత మెకానిక్ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, తల గోక్కున్నాడు. "అన్నా, తప్పయిపోయినాది. నువ్వు అలిపిరి మెట్లెక్కొస్తావని, మోకాళ్ళ మెట్టు కాడ మోకాళ్ళ మీద ఎక్కుతావని మొక్కేసినా. నాకు తొడ అని చెప్పినారు గానీ మోకాలిచిప్ప సంగతి ఎవురూ చెప్పలేదన్నా."

మా ఆవిడ చివర్న చెప్పింది. "నేనూ మొక్కినా మామా. కొండెక్కి దండం పెట్టుకున్నాక చెప్తా."

ఏందో చెప్పమని బతిమాలాను. చెప్పలేదు. మావైపు మొక్కంటే ఆటలు కాదు. మొక్కింది ఎవరైనా, ఒళ్ళు ఎవరిదైనా, తీరాల్సిందే. నాకు దిగులు పట్టుకుంది. మా అక్క ఆ దిగులుని ఇంకాస్త పెంచి పెట్టింది. "ఇంకేం మొక్కింటాది? ఆ బండిని హుండీలో ఏస్తానని మొక్కింటాది" అంది.

"బండి హుండీలో పట్టదక్కా."

"తాళంచెవి పడతాది గదా?"

ఇంటికొచ్చాను. బండి నాకంటే ముందే మినీ లారీలో వచ్చేసి, మెట్ల కింద పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది. మా ఆవిడ దాని చుట్టూ ఊడ్చేది, చక్రం పక్కనే ముగ్గు పెట్టేది. దాన్ని ఒక్క మాట అనేది కాదు. నన్నూ అనలేదు. ఇంక రేసులు చాలు అనలేదు, బుద్ధొచ్చిందా అనలేదు. వచ్చినవాళ్ళు నన్ను తిడుతుంటే కాఫీ తెస్తానని లోపలికి పోయేది. అంత మౌనం ఎప్పుడూ ఎరగను. బండి పోయినట్టేనని నాకు రూఢి అయిపోయింది. పోయినదాని మీద అరుచుకోవడం ఎందుకని ఊరుకుందనుకున్నాను.

అక్కణ్ణుంచి నా వైద్యం అడ్డదారి పట్టింది. కాలు బాగైతే కొండెక్కాలి. కొండెక్కితే ఆమె మొక్కు బయటపడుతుంది. బయటపడితే నా బండి పోతుంది. కాబట్టి కాలు మరీ తొందరగా బాగుపడకూడదు. ఇదీ అరవై దాటిన నా బుర్ర చేసిన ఆలోచన. వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మ పదిసార్లు కాలు మడవమంటే ఆరుసార్లు మడిచి పది లెక్కపెట్టేవాణ్ణి.

"సార్, నాలుగు తర్వాత తొమ్మిది రాదు" అందామె ఒకరోజు. బస్సు డ్రైవర్లకి అట్లాగే వస్తుందని చెప్పాను. నమ్మలేదు.

చేతి సంగతి మా ఆవిడే చూసుకుంది. మణికట్టుకి బలం రావడానికి పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు. అది చలికాలం, అనపకాయల కాలం. "ఉత్త బంతి పిసికితే ఏమొస్తాది మామా? ఇవి పితుకు, కూరన్నా వస్తాది" అని నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. గింజని రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒత్తితే తోలు చేతిలో మిగిలి పప్పు బయటికి దూకాలి. మొదటి వారం నా పప్పు టీవీ మీదికీ, దేవుడి పటాల మీదికీ, ఒకసారి ఫిజియోథెరపీ అమ్మ కళ్ళద్దాల మీదికీ దూకింది. నెల తిరిగేసరికి గురి కుదిరింది. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ వాళ్ళ గింజలు కూడా నానబెట్టి పంపడం మొదలుపెట్టారు. సైలెన్సరు చప్పుడుకి నాతో మాటలు మానేసిన వీధి, పితికిపప్పు పుణ్యాన మళ్ళీ కలిసింది.

ఒక మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే, ఏదో ధ్యాసలో కింద కూర్చుని రెండు కాళ్ళూ మడిచి బాసింపట్టు వేసుకున్నాను. అంతకుముందే వారం రోజులుగా కాలు మడత పడుతోంది. దాచిపెట్టాను. మా ఆవిడ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"కాలు మడిస్తివే మామా" అంది. అని, గరిటె గిన్నెలో పెట్టేసి, గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా నా ఎదుట ఏడవని మనిషి. ఇన్ని నెలలు ఆ మడత కోసమే కాచుకుని ఉంది, నేనేమో దాన్ని వారం పాటు దాచాను. నా మీద నాకు రోత పుట్టింది. బండి పోతే పోయిందనుకుని, కొండకి పోదామని ఆ రోజే చెప్పాను.

డాక్టరు నెమ్మదిగా ఎక్కమన్నాడు. అలిపిరిలో తెల్లారేసరికి బయలుదేరాం, నేనూ మా ఆవిడా మెకానిక్కూ. మా అక్క బస్సులో ముందే పైకి పోయింది. ప్రతి మెట్టుకీ వంగి పసుపూ కుంకుమా పెట్టుకుంటూ పోయే ఆడవాళ్ళు కూడా మమ్మల్ని దాటేసి పోయారు. రోజుకి ఎన్నోసార్లు బస్సులో ఎక్కిన కొండ ఇంత ఎత్తుందని నాకు తెలియదు.

మోకాళ్ళ మెట్టు దగ్గర మెకానిక్ బిక్కమొహం వేశాడు. మా అక్కకి ఫోన్ చేసి తీర్పు అడిగాం. "నోరు ఎవురిదిరా? మొక్కినోడే ఎక్కాల" అంది. వాడు భారీ మనిషి. మెట్టుకొక గోవింద పెడుతూ, రెండు గోవిందల మధ్య నన్నొక తిట్టు తిడుతూ, మోకాళ్ళ మీద ఎక్కాడు. నేను పక్కన కర్ర పట్టుకుని నడుస్తూ, "క్లచ్చి మెల్లగా వదలబ్బా" అని ధైర్యం చెప్పాను. కల్యాణకట్టలో నా తల మీద నీళ్ళు చల్లడానికి పట్టినంతసేపు కూడా గొరగడానికి పట్టలేదు.

దర్శనమయ్యాక అక్కా మెకానిక్కూ లడ్లకి పోయారు. మేమిద్దరం బయట ఒక అరుగు మీద కూర్చున్నాం. "ఇంక చెప్పు" అన్నాను. తాళంచెవి జేబులోనే పెట్టుకుని పోయాను, హుండీలో వేయమంటే వేసేద్దామని.

"నీ బండి జోలికి నేను పోలేదు మామా" అంది. "కాశీకి పోయినోళ్ళు ఇష్టమైన కాయో పండో వదిలిపెట్టొస్తారు గదా. నువ్వు లోపల పడుంటే నేనూ ఏదన్నా వదలాల అనుకున్నా. చానాసేపు ఆలోచన చేసినా. కాయలూ పండ్లూ వదిలేదానికి నీ పానం అంత చవకా? నిన్ను పోవద్దు అనేది వదిలేసినా. నువ్వు లేచి తిరిగితే చాలు, ఈ జన్మలో ఇంక ఆ మాట అననని మొక్కినా."

నాకు నవ్వొచ్చింది. పది నెలలు దేనికి భయపడ్డానో తలుచుకుని గట్టిగానే నవ్వాను. "అది నీకంత ఇష్టమైన మాటా?" అన్నాను.

"ఆ మాట అంటే నువ్వు తిరిగొస్తావు. పదమూడేండ్లు అంటి, వస్తివి. ఆ పొద్దూ అంటి, ముక్కలుగా అన్నా వస్తివి. అంతకంటే నా కాడ ఏముండాది ఇచ్చేదానికి?"

నా నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చుట్టూ జనం ఉన్నారు, ఉండనీ అనుకున్నాను.

నెలన్నర తర్వాత మెకానిక్ ఫోన్ చేశాడు. ఆదివారం రన్‌వే మీద రేసుందట, బండి ముందే మా ఇంటికొచ్చి సరిచేసి పెట్టాడు, ఊరికే ఒక్కసారి నడిపి చూద్దువు రమ్మన్నాడు. ఆ మాట మా ఆవిడతో అన్నాను. బియ్యంలో రాళ్ళేరుతోంది. "మంచిది" అంది. తల ఎత్తలేదు.

ఆదివారం పొద్దున బండి బయటికి తీశాను. కాలు బాగానే ఆనింది. ఆమె గేటు దాకా వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను కిక్కు మీద కాలు పెట్టి ఆగాను. ఆమె పెదవులు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి.

"అను" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"ఒక్కసారి అను. అంటే పోతా."

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది గానీ నోరు తెరవలేదు. పాలవాడు మా ఇద్దరినీ చూస్తూ పోయాడు. నేను కిక్కు కొట్టలేకపోయాను. ఎంతసేపు నిలబడ్డానో, జేబులో ఫోన్ మోగింది. బైపాసు దగ్గర మెకానిక్ కాచుకుని ఉన్నాడు.

"రాలేనబ్బా" అన్నాను.

"ఏమన్నా? వదిన పోవద్దనిందా?"

"లేదబ్బా. అనలేదు. అందుకే రాలేను."