అయిదున్నర గంటల తేడా

2023 ఆగస్టు 17, గురువారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలు. మూడు రోజులుగా విడవని మబ్బు. గాలి లేదు. నీటి ఉష్ణోగ్రత 29 డిగ్రీలు. తోటపల్లి గూడూరు మండలంలో రమణమ్మ గారి రెండో రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ముందు ఈ వివరాలు రాసుకున్నాను. ఆ తర్వాతే నీటి అంచు వైపు చూశాను. రొయ్యలు తెల్లబడి, ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

విద్యుత్ కేంద్రంలో ముప్పయి ఒక్క ఏళ్లు కొలత పరికరాలు సరిచూసి పదవీ విరమణ చేశాక, చెరువుల్లో సెన్సార్లు అమర్చే ఒక చిన్న కంపెనీ నన్ను పరీక్షల పనికి పెట్టుకుంది. మేము కొలిచేది డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. లీటరుకు అయిదు మిల్లీగ్రాములుంటే రొయ్యకు ఇబ్బంది లేదు. మూడు దాటి కిందికి పోతే సైరన్ మోగాలి. ఒకటికి చేరితే చేయగలిగింది ఉండదు. పగలు, ఎక్కువగా మధ్యాహ్నం, సెన్సార్లను విప్పి కడిగేటప్పుడు రీడింగు సున్నాకు పడిపోతుంది కనుక, వృథాగా మోగకుండా, సైరన్ రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే పనిచేసేలా ఏర్పాటు చేశారు.

ఆ ప్రోగ్రామ్ మొదట రాసినవాడు సుధాకర్. విండోస్, సీ షార్ప్, విజువల్ స్టూడియో తప్ప మరొకటి ముట్టడు. తర్వాత చేరిన డేవిడ్‌కు లైనక్స్, పైథాన్, విమ్ అనే ఎడిటర్ ప్రాణం. వాళ్ల వాదం రోజూ వినేవాణ్ణి.

"అప్‌డేట్ అని నీ విండోస్ మధ్యలో నిలబడిపోతే, అది లేచేదాకా రొయ్యలు ఊపిరి బిగబట్టుకోని ఉంటాయా అన్నా?" అనేవాడు డేవిడ్.

"నీ నల్ల స్క్రీన్‌లో ఏం జరగతా ఉందో నీకు తప్ప ఇంకెవురికీ తెలీదు. రేపు నువ్వు సెలవు పెడితే సార్ ఎవుర్ని అడగాల?" అనేవాడు సుధాకర్.

నేను దీన్ని కాఫీ, టీల తగవుగానే చూశాను. పాత కంప్యూటరు రెండుసార్లు తనంతట తానే ఆగిపోయిన మీదట, ఆగస్టు 9న రమణమ్మ గారి చెరువుల దగ్గర డేవిడ్ చిన్న లైనక్స్ పెట్టె అమర్చాడు. ప్రోగ్రామును పైథాన్‌లో తిరగరాశాడు. పరీక్షించి సంతకం చేసింది నేను.

రమణమ్మ గారు అంతకుముందు రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోగొట్టుకున్న మనిషి. ఇది మూడోది. ఇది కూడా పోతే చెరువులు వదిలేయక తప్పదని నాతో చెప్పారు. రాత్రి రెండు గంటలకోసారి లేచి గట్లు తిరిగే ఆమెతో, "సైరన్ ఉంది కదమ్మా, పడుకోండి" అన్నది కూడా నేనే.

ఆ గురువారం ఉదయం ఏడున్నరకు ఇద్దరూ వచ్చారు. డేవిడ్ ల్యాప్‌టాప్ తెరిచి, పెట్టెలో నమోదైన వరుసలు చదివాడు. ఏరేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు, ట్రిప్ అయి ఆగిపోయినట్టు 19:40 దగ్గర ఉంది. డీఓ మూడు కిందికి పోయినట్టు 20:10 దగ్గర ఉంది. సైరన్ మోగింది సరిగ్గా 22:00కు.

"రాత్రి పదికా?" అని అడిగాను. "ఆ వేళకు నేను ఫోన్‌లో చూశాను. 4.9 ఉంది."

"అది యూటీసీ సార్. ప్రపంచమంతటికీ కలిపి ఒకే గడియారం. సర్వర్లన్నీ దాంట్లోనే పెడతాం. ఫోన్‌లో మాత్రం మన టైముకు మారి కనిపిస్తాది." అతని గొంతు తగ్గిపోయింది. "మన టైము దానికి అయిదున్నర గంటలు ముందు."

కాగితం మీద అయిదున్నర కలుపుకుంటూ లెక్క వేశాను. ఏరేటర్లు ఆగింది మనకు తెల్లవారుజామున 1:10కి. సైరన్ మోగాల్సింది 1:40కి. పది గంటలు దాటాకే మోగమని ప్రోగ్రాములో ఉంది. ఆ పెట్టెకు పది అయ్యేసరికి ఇక్కడ 3:30 అయింది, డీఓ ఒకటికి చేరింది. పక్కనే ఉన్న మొదటి చెరువు ఏరేటర్ల చప్పుడులో, దూరంగా ఉన్న రెండో చెరువు చప్పుడు ఆగిన సంగతి గట్టు మీది పాకలో పడుకున్న రమణమ్మ గారికి తెలిసే వీలు లేదు.

"నేను రాసినప్పుడు మిషన్‌లో మన టైమే కదా ఉండింది," అన్నాడు సుధాకర్.

"ఆ మాట కోడ్‌లో ఒక్క లైను రాసి ఉంటే చాలు కదన్నా."

"నువ్వు అడిగుంటే చెప్పుండేవాణ్ణి."

రమణమ్మ గారు వల మడుస్తూ వింటున్నారు. "మీ గడియారాల తగువు నాకెందుకు నాయనా. సైరన్ వినబడతానే లేచి పరిగెత్తినా. ఏరేటర్ల స్టార్టర్ మళ్లీ వేసేదానికి నాకు పది నిమిషాలు పట్టలా. ఆ పది నిమిషాలు నాకు ఎప్పుడిచ్చినారో అది చెప్పండి," అన్నారు.

సుధాకర్ నా వైపు తిరిగాడు. "సార్, మీరు ఎన్ని గంటలకు టెస్ట్ చేసినారు?"

నా రిజిస్టరు తీశాను. ఆగస్టు 9, ఉదయం 10:40. సెన్సారును ఆక్సిజన్ లేని పరీక్ష ద్రావణంలో ముంచాను. సైరన్ మోగింది. 'సరిగా ఉంది.' కింద నా సంతకం. దానికి రెండు పుటల ముందు, పాత కంప్యూటరు పరీక్ష నమోదు కూడా నా చేతిరాతే: 'పగటి వేళ మోగదు కనుక గడియారాన్ని రాత్రి పదకొండుకు జరిపి పరీక్షించడమైనది.'

పగలు 10:40కి ఆ సైరన్ మోగకూడదు. మోగింది. లోపం ఆ రోజే నా చేతికి అందింది. దాన్ని నేను నిమిషంతో సహా నమోదు చేసి, సరిగా ఉందని రాశాను. ఆ పుట పైకే చదివి వినిపించాను. రమణమ్మ గారు వల తీసుకుని నీటిలోకి దిగారు.

తప్పు లైనక్స్‌దీ కాదు, విండోస్‌దీ కాదు. ప్రోగ్రామర్ తనకు నచ్చిన పరికరంతో పాటు దాని అలవాట్లను కూడా తెస్తాడు. ఆ అలవాట్లు అతనికి ఎంత సహజమంటే, చెప్పాలన్న ఆలోచనే రాదు. అడగాల్సింది పరీక్షించేవాడు. అప్పటి నుంచి ఏ సమయం రాసినా అది ఏ గడియారానిదో పక్కనే రాస్తున్నాను. మోగాల్సినప్పుడు మోగిందా అన్నదానికంటే ముందు, మోగకూడనప్పుడు ఊరకే ఉందా అని చూస్తున్నాను.

ఆ సాయంత్రం 5:20కి, మన సమయం ప్రకారం, తూకం ముగిసింది. రెండో చెరువులో వదిలిన పిల్ల లక్షా ఇరవై వేలు. పంట వయసు డెబ్బయి ఒక్క రోజులు. చచ్చినవి 1,140 కిలోలు. బతికినవి 46 కిలోలు.